మోగిన ఫోన్‌దే బేరం: తిరుపతిలో చిన్న వ్యాపారానికి ఏ నెట్ కాలింగ్ సర్వీసు పనికొస్తుంది

లీలామహల్ సర్కిల్ దగ్గర పది గదుల లాడ్జి నడిపేవాళ్లకైనా, చిత్తూరులో బెల్లం, ఊరగాయల కొట్టు పెట్టుకున్నవాళ్లకైనా ఇంటర్నెట్ కాలింగ్ సర్వీసు అమ్మడానికి వచ్చే కుర్రాడు ముందు చూపించేది ఒక్కటే. లాప్‌టాప్ తెర మీద గంటకు కొన్ని వందల కాల్స్ వాటంతటవే వెళ్తున్నట్టు పైకి పాకే గీత. మీ గొంతు ఒక్కసారి రికార్డు చేసిస్తే చాలు సార్, ఊరంతా వింటుంది అంటాడు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కొనొద్దు. ఎందుకు కొనొద్దో కింద చెప్తాం. ముందు ఊరికే దొరికేవి, డబ్బు పెట్టదగ్గవి చూద్దాం.

తిరుపతిలో చిన్న వ్యాపారికి కొత్తవాళ్లకు ఫోన్ చేసి పిలవాల్సిన పని తక్కువ. వాళ్లే చేస్తారు. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలైన రోజున టికెట్ చేతికొచ్చిన కుటుంబం ఆ పూటే గదికీ బండికీ ఫోన్ కొడుతుంది. వేలూరు నుంచి తమిళం, కోలారు నుంచి కన్నడం, షోలాపూర్ నుంచి హిందీ. తెల్లవారుజామున రైలు దిగినవాళ్లు స్టేషన్ బయట నిలబడి చేస్తారు. లైను బిజీ వస్తే రెండోసారి ప్రయత్నించరు, గూగుల్ మ్యాప్స్‌లో మీ కింద ఉన్న నంబరుకు పోతారు. ఎత్తితే మీ బేరం, మోగి ఆగిపోతే పక్కవాళ్ల బేరం. అందుకే ప్రతి సర్వీసునూ ఒకటే ప్రశ్నతో తూచాం. వచ్చిన కాల్‌ను జారిపోకుండా పట్టుకుంటుందా, జారిపోతే అది ఎవరిదో చెబుతుందా?

వాట్సాప్ బిజినెస్: అయిదుకు నాలుగున్నర

2018 నుంచీ ఉన్న ఆప్, పైసా కట్టక్కర్లేదు. చాలామంది దీన్ని దించుకుని, దుకాణం ఫొటో పెట్టి, మామూలు వాట్సాప్ లాగే వాడుకుంటూ కూర్చుంటారు. అసలు సరుకంతా బిజినెస్ టూల్స్ అన్న మెనూలో ఉంది.

మొదట గ్రీటింగ్ మెసేజ్. కొత్తగా రాసినవాళ్లకూ, పద్నాలుగు రోజులుగా మాటల్లేనివాళ్లకూ ఇది తనంతట తానే వెళ్తుంది. ఇందులో మీ సంస్థ చరిత్ర, దేవుడి బొమ్మ, పది రకాల పువ్వులు పెట్టొద్దు. అడగాల్సింది అడిగించండి: "నమస్కారం అండీ. గది కోసమైతే ఏ తేదీ, ఎంతమంది, ఎన్ని రాత్రులు అన్నది రాయండి. బండి కోసమైతే ఎక్కడి నుంచి ఎక్కడికో రాయండి." ఇంతే. మీరు ఫోన్ చేతిలోకి తీసుకునేసరికి ధర చెప్పడానికి కావాల్సిన వివరాలు స్క్రీన్ మీదుంటాయి. పని వేళలు నింపి, అవే (away, అంటే ఇప్పుడు అందుబాటులో లేం అని చెప్పే) మెసేజ్‌ను పని వేళల బయట మాత్రమే వెళ్లేలా పెట్టుకోండి. గ్రీటింగూ ఈ away మెసేజూ రెండూ పొడుగ్గా ఉంటే రాత్రి పదకొండుకు రాసినవాళ్లకు వరసగా రెండు ఉత్తరాలు అందుతాయి, చదవరు.

రెండోది క్విక్ రిప్లైలు. యాభై దాకా దాచుకోవచ్చు. స్లాష్ కొట్టి చిన్న మాట రాస్తే మొత్తం జవాబు వస్తుంది. ఆర్టీసీ బస్టాండు నుంచి దారి, చెకిన్ వేళ, లిఫ్టు ఉందా లేదా, అలిపిరి ఎంత దూరం, కాణిపాకం వెళ్లొచ్చే బండికి ఎంత, అడ్వాన్సు పంపాల్సిన యూపీఐ వివరం: రోజుకు ఇరవైసార్లు టైపు చేసేది ఇదే. తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి, హిందీలో ఒకటి ముందే రాసి పెట్టుకుంటే కౌంటర్‌లో ఉన్న పిల్లాడికి ఆ భాషలో రాయడం రాకపోయినా పని ఆగదు.

బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపడం గురించి అపోహ ఎక్కువ. ఒక జాబితాలో 256 మంది దాకా పెట్టొచ్చు గానీ, మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. మిగతావాళ్లకు అందలేదని మీకు విడిగా చెప్పదు. కాబట్టి జాబితా పెంచుకునే చోటు ఫోన్ కాదు, కౌంటరు. బిల్లు ఇచ్చేటప్పుడు "మా నంబరు సేవ్ చేసుకోండి అన్నా, వచ్చేసారి బండి ముందే చెప్తే ఉంచుతాం" అని అడిగి, వాళ్ల ముందే సేవ్ చేయించాలి. నెలకొక్కటి, పండగ ముందొక్కటి, అంతకు మించితే బ్లాక్ చేస్తారు. 256 దాటించడానికని అనధికార ఆప్‌లు, బ్రౌజర్‌కు తగిలించే ఎక్స్‌టెన్షన్‌లు అమ్ముతున్నారు. వాటితో పంపిన నంబరును వాట్సాప్ నిషేధిస్తే ఆ నంబరు మీద ఉన్న పాత గిరాకీ అంతా దానితోనే పోతుంది.

క్యూఆర్ కోడ్ విషయంలో ఒక జాగ్రత్త. ఆప్ ఇచ్చే కోడ్‌ను కార్డుల మీద, ఆటోల వెనక, గది తలుపుల మీద అచ్చు వేయించాక సెట్టింగుల్లో రీసెట్ నొక్కారా, అచ్చయిన కాగితాలన్నీ చెత్తే. పాత కోడ్ ఇక పలకదు. దీనికంటే వా డాట్ మీ (wa.me) లింకుతో కోడ్ తయారు చేయించుకోవడం మేలు: లింకు చివర 91, దాని వెంటే పది అంకెలు, మధ్యలో ఖాళీ, ప్లస్ గుర్తు, సున్నా ఏవీ ఉండకూడదు. నంబరు మారనంత వరకూ ఆ కోడ్ చావదు.

ల్యాండ్‌లైన్ నంబరుతోనూ ఖాతా తెరవొచ్చు. 0877లో సున్నా తీసేసి 91 తర్వాత 877 అని కొట్టాలి. ఎస్ఎంఎస్ ఎలాగూ రాదు కాబట్టి ఆ గడువు తీరేదాకా ఆగి, ఫోన్ చేయమనే బటన్ నొక్కితే ల్యాండ్‌లైన్ మోగి ఆరంకెల కోడ్ చదివి వినిపిస్తుంది. ఆ నంబరుకు ముందే ఐవీఆర్ (ఫోన్ ఎత్తి స్వాగతం చెప్పి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే యంత్రం) తగిలించి ఉంటే ఆ పది నిమిషాలు తీసేయించండి, లేకపోతే కోడ్ చెప్పే యంత్రం మీ స్వాగత యంత్రంతో మాట్లాడుకుని ఫోన్ పెట్టేస్తుంది. అయితే 2025 నవంబరు 28న టెలికాం శాఖ ఇలాంటి ఆప్‌లన్నీ ఫోన్‌లో ఉన్న సిమ్‌తో ఎప్పుడూ ముడిపడి ఉండాలనీ, వెబ్ లాగిన్ ఆరు గంటలకోసారి తెగిపోయి మళ్లీ స్కాన్ చేయాలనీ ఆదేశించింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దుకాణం ఫోన్‌లోనే ఉండే సిమ్‌తో తెరవడం క్షేమం. ఆ సిమ్ యజమాని పేరు మీద ఉండాలి, మానేసి వెళ్లిపోయే మేనేజరు పేరు మీద కాదు.

అర మార్కు ఎందుకు కోశామంటే, మామూలు ఫోన్ కాల్ దీన్లోకి రాదు. పంచె కట్టిన పెద్దాయన వాట్సాప్ బటన్ వెతకడు, నంబరు కొడతాడు. అమెరికాలో ఉన్న కొడుకు అమ్మానాన్నలకు గది మాట్లాడటానికి మాత్రం వాట్సాప్ కాల్‌ను మించింది లేదు.

ఫైబర్‌తో వచ్చే ల్యాండ్‌లైన్: నాలుగు

బీఎస్ఎన్ఎల్ భారత్ ఫైబర్, జియోఫైబర్, ఎయిర్‌టెల్ ఏది పెట్టించుకున్నా నెట్‌తో పాటు ఒక ల్యాండ్‌లైన్ నంబరు వస్తుంది. గోడకున్న తెల్ల పెట్టెలో ఫోన్ అని రాసిన కన్నంలో పాత టెలిఫోన్ గుచ్చితే చాలు. ఇదీ ఇంటర్నెట్ కాలింగే, మాట ప్యాకెట్లుగా మారి ఫైబర్‌లో పోతుంది. వాడేవాళ్లకు ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తిరుపతికి 0877, చిత్తూరుకు 08572 అని బోర్డు మీద కనిపిస్తే దూరం నుంచి వచ్చే యాత్రికుడికి ఇది స్థిరమైన చిరునామా ఉన్న కొట్టు అని ఒక నమ్మకం. పది అంకెల మొబైల్ నంబరుకు ఆ బరువు లేదు.

పాత ఫోన్ తగిలిస్తే వచ్చే చిన్న చిక్కు: అడుగున టీ, పీ అని చిన్న మీట ఉంటే టీ వైపు ఉండాలి. పీ వైపు ఉంటే కాల్స్ వస్తాయి గానీ, అంకెలు నొక్కినా బయటికి పోకపోవచ్చు.

అసలు చిక్కు కరెంటు. రాగి తీగ ఫోన్‌కు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఊరంతా చీకటైనా ఫోన్ పలికేది. ఫైబర్‌లో కరెంటు ప్రయాణించదు. తెల్ల పెట్టె ఆరితే ఫోన్ చచ్చినట్టే. 12 వోల్టుల డీసీ మినీ యూపీఎస్ ఒకటి కొనండి, ఇన్వర్టర్ ఉన్నా సరే; ఇన్వర్టర్ మారే ఆ క్షణంలో కొన్ని పెట్టెలు రీస్టార్ట్ అయి రెండు మూడు నిమిషాలు తీసుకుంటాయి. అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసి దానికి తగ్గది తీసుకోవాలి. 32 వాట్ అవర్ బ్యాటరీ ఉన్నది 8 వాట్ల పెట్టెను మూడు గంటలకు పైగా లాగుతుంది.

నంబరు బండలా ఆ కంపెనీకే అతుక్కుని ఉంటుంది, ఇది గుర్తు పెట్టుకోవాలి. మొబైల్ నంబరును పోర్ట్ చేసుకున్నట్టు ల్యాండ్‌లైన్ నంబరును వేరే కంపెనీకి తీసుకుపోయే ఏర్పాటు మన దేశంలో లేదు. నెట్ కంపెనీ మార్చిన రోజు బోర్డు కూడా మార్చాలి.

జియోఫైబర్ వాళ్లు జియోజాయిన్ (పాత పేరు జియోకాల్) ఆప్ ద్వారా అదే ల్యాండ్‌లైన్‌ను మొబైల్‌లో వాడుకోవచ్చు. వేరే సిప్ (ఇంటర్నెట్‌లో కాల్స్ కలిపే పద్ధతి) ఖాతా ఉన్నవాళ్లు లిన్‌ఫోన్, జోయిపర్ లాంటి సాఫ్ట్‌ఫోన్ ఆప్‌లలో పెట్టుకుంటారు. ఫిర్యాదులన్నీ మొదలయ్యేది ఇక్కడే, వాటిలో సర్వీసు తప్పు కంటే సెట్టింగుల తప్పే ఎక్కువ.

అవతలివాళ్ల మాట మనకు వినిపిస్తుంది, మనది వాళ్లకు వినిపించదు. లేదా కాల్ కలిసి, సరిగ్గా అర నిమిషం దాటాక తెగిపోతుంది. ఈ రెండు లక్షణాలుంటే ముందు రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అన్న మీటను ఆపేయండి. సాయం చేద్దామని పెట్టిన ఈ సౌకర్యం ప్యాకెట్ లోపలి చిరునామాను తప్పుగా తిరగరాస్తుంది. మాట ఒక దారిన పోయి, జవాబు ఇంకో దారి పట్టి తప్పిపోతుంది. అర నిమిషానికే ఎందుకు తెగుతుందంటే, కాల్ ఎత్తినట్టు అవతలి నుంచి వచ్చిన కబురుకు మీ వైపు నుంచి అందిందన్న జవాబు 32 సెకన్లలోపు చేరకపోతే సిప్ పద్ధతి ప్రకారం ఆ కాల్‌ను వదిలేస్తారు. కాబట్టి పరీక్షించేటప్పుడు హలో అని పెట్టేయడం కాదు. మీ మొబైల్‌కు కాల్ చేసి, ఒకటి నుంచి యాభై దాకా సెకనుకో అంకె చొప్పున అటూ ఇటూ లెక్కపెట్టండి. ముప్పై రెండు దగ్గర ఆగిందా, కారణం తెలిసిపోయినట్టే.

ఆప్ తెరిచి ఉన్నప్పుడే మోగుతోంది, ఫోన్ జేబులో పెట్టుకుంటే మోగడం లేదు అన్నది ఇంకో ఫిర్యాదు. ఆండ్రాయిడ్ బ్యాటరీ పొదుపు ఆ ఆప్‌ను నిద్రపుచ్చుతుంది. ఆప్ సమాచారంలో బ్యాటరీకి వెళ్లి, పరిమితి లేదు అన్నది ఎంచుకోవాలి. ఆప్ సర్వర్‌కు నేనున్నాను అని కబురు పంపే వ్యవధిని, అంటే కీప్ అలైవ్‌ను, ముప్పై సెకన్లకు తగ్గించాలి.

మాట ముక్కలు ముక్కలుగా వస్తుంటే నెట్ వేగం చాలడం లేదనుకుని పెద్ద ప్లానుకు పోవద్దు. సాధారణంగా వాడే జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కు అటు 87, ఇటు 87 కిలోబిట్లు చాలు. మూడు కాల్స్ ఒకేసారి నడిచినా మెగాబిట్‌లో మూడో వంతు లోపే. అసలు దోషం క్యూలో ఉంది. లాడ్జిలో ముప్పై మంది అతిథులు అదే వైఫైలో రీల్స్ చూస్తుంటే, పైన సీసీ కెమెరా క్లౌడ్‌కు వీడియో ఎక్కిస్తుంటే, మీ మాట ప్యాకెట్ వాటి వెనకాల సర్వదర్శనం లైన్లో నిలబడుతుంది. గెస్ట్ నెట్‌వర్క్ విడదీసి, దానికి వేగం పరిమితి పెట్టి, రౌటర్‌లో ఏది ముందు పోవాలో చెప్పే క్యూఓఎస్ సెట్టింగులో ఫోన్‌కు మొదటి వరస ఇవ్వండి. ఆలస్యం ఒకవైపు 150 మిల్లీసెకన్లలోపు, ప్యాకెట్ల నష్టం ఒక శాతంలోపు ఉంటే మాట నున్నగా వస్తుంది. అప్పుడు 30 మెగాబిట్ల ప్లానే ఎక్కువ.

పాత మార్కెటింగ్ పాఠాల్లో స్కైప్ నంబరు తీసుకోండి అని ఇంకా కనిపిస్తుంటుంది. మన దేశంలో స్కైప్ నుంచి దేశీయ ఫోన్లకు కాల్స్ 2014 నవంబరులోనే ఆగాయి, 2025 మే 5న స్కైపే మూతపడింది. ఆ పాఠం చెప్పేవాళ్లు మిగతాది కూడా అంతే తాజాగా చెబుతుంటారు.

క్లౌడ్ టెలిఫోనీ: మూడున్నర, అదీ షరతులతో

ఎక్సోటెల్, ఓజోన్‌టెల్, నోలారిటీ, మైఆపరేటర్, టాటా స్మార్ట్‌ఫ్లో, ఎయిర్‌టెల్ ఐక్యూ. పేర్లు వేరైనా అమ్మే సరుకు దాదాపు ఒకటే. ఒక వర్చువల్ నంబరు ఇస్తారు. దానికి కాల్ వస్తే వాళ్ల సర్వర్ ఎత్తి, స్వాగతం చెప్పి, మీరు చెప్పిన మొబైళ్లకు కలుపుతుంది. ఎవరు చేశారు, ఎవరు ఎత్తారు, ఎత్తనిది ఎంత అన్నది వెబ్ పేజీలో కనిపిస్తుంది. ఆ చివరి వాక్యం కోసమే డబ్బు కట్టాలి. మిగతావన్నీ అలంకారం.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఉన్న కాల్ హిస్టరీ సౌకర్యాన్ని 2024 జులై 31తో తీసేశారు. అప్పటి నుంచి ఏ కాల్ మ్యాప్స్ నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి చిన్న వ్యాపారికి మిగిలిన దారి విడి నంబరే. మ్యాప్స్‌కు ఒక నంబరు, పాంప్లెట్‌కు ఇంకోటి, ఆటో వెనక అంటించే కాగితానికి మూడోది పెడితే నెలాఖరుకు లెక్క చేతికొస్తుంది. మ్యాప్స్‌లో వర్చువల్ నంబరును మొదటి నంబరుగా, మీ అసలు మొబైల్‌ను అదనపు నంబరుగా ఇవ్వండి. అయిదు వేల పాంప్లెట్లు పంచాక ఆ నంబరుకు మూడు కాల్సే వచ్చాయని తెలిస్తే బాధగా ఉంటుంది గానీ, వచ్చే ఏడాది అచ్చు ఖర్చు మిగులుతుంది.

ధర దగ్గరికొస్తే, అద్దె ఎంతన్నది కాదు, పల్స్ (ఎన్ని సెకన్లను ఒక లెక్కగా కోస్తారన్నది) ఎంత అన్నది ముందు అడగాలి. వర్చువల్ నంబరుకు వచ్చిన కాల్‌కు రెండు కాళ్లుంటాయి. గిరాకీ నుంచి సర్వర్‌కు ఒకటి, సర్వర్ నుంచి మీ మొబైల్‌కు ఇంకోటి. కొన్ని ప్లాన్లలో రెండింటికీ నిమిషాలు కోస్తారు. రోజుకు నలభై కాల్స్, ఒక్కోటి 65 సెకన్లు అనుకుందాం. అరవై సెకన్ల పల్స్ అయితే ఆ అయిదు సెకన్లకు ఇంకో నిమిషం పడి కాల్‌కు రెండు నిమిషాలు, నెలకు 2,400. ముప్పై సెకన్ల పల్స్ అయితే కాల్‌కు ఒకటిన్నర, నెలకు 1,800. రెండు కాళ్లకూ కోస్తే 4,800, 3,600 అవుతాయి. ప్లానులో నాలుగు వేల నిమిషాలు ఉచితం అని రాసి ఉంటే, అందులో మొదటిది నెల నిండకుండానే మునిగిపోయింది, రెండోది గట్టెక్కింది. చెప్పిన ధర మీద 18 శాతం జీఎస్టీ విడిగా ఉంటుంది. కాంపోజిషన్ స్కీములో ఉన్న కొట్టుకు ఆ పన్ను వెనక్కి రాదు, ఖర్చులోనే కలుపుకోవాలి.

ఇక ఐవీఆర్. కొన్నవాళ్లలో చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఓం నమో వేంకటేశాయతో మొదలై, సంస్థ పూర్తి పేరు, మూడు భాషల్లో స్వాగతం, ఏడు మీటల మెనూ. నలభై సెకన్లు. బస్టాండులో భుజాన సంచి, పక్కన ఏడుస్తున్న పిల్లవాడితో నిలబడ్డ మనిషి అంతసేపు వినడు. ఎనిమిది సెకన్లలో ముగించాలి. "నమస్కారం అండీ. తెలుగుకు ఒకటి, తమిళుక్కు ఇరండు, కన్నడక్కె మూరు, హిందీ కే లియే చార్." ఇంతకు మించి ఒక్క మాట వద్దు. ఏదీ నొక్కకపోతే నాలుగు సెకన్ల తర్వాత ఎలాగూ ఫోన్ మోగేలా పెట్టాలి. మెనూ మళ్లీ మొదటి నుంచి చదివించకూడదు.

అసలు భాషల మెనూ కావాలా అన్నది ముందు ప్రశ్న. తమిళానికి ఒకరు, హిందీకి ఇంకొకరు విడిగా ఉంటేనే అది పనికొస్తుంది. తిరుపతి కౌంటర్లలో ఒకే కుర్రాడు నాలుగు భాషల్లో బేరం ఆడేస్తాడు. అలాంటి చోట మెనూ తీసేసి నేరుగా మోగించండి, ఎనిమిది సెకన్లు మిగులుతాయి.

మోగే వరస కూడా సర్వీసువాళ్లు వాళ్ల ఇష్టానికి పెట్టి వెళ్లిపోతారు. 2019 నుంచీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం ప్రకారం మొబైల్ ముప్పై సెకన్లు మోగి ఆగుతుంది. ముగ్గురికి ఒకరి తర్వాత ఒకరికి మోగించేలా పెడితే మూడోవాళ్ల దాకా వచ్చేసరికి నిమిషం దాటిపోతుంది. మొదట ఇద్దరికీ ఒకేసారి, ఇరవై సెకన్లు. ఎత్తకపోతే యజమానికి ఇంకో ఇరవై. అక్కడితో ఆపి, క్షమించండి, పది నిమిషాల్లో మేమే చేస్తాం అన్న మాట వినిపించి పెట్టేయాలి. ఆ పది నిమిషాల మాట నిలబెట్టుకునే మనిషి లేకపోతే ఆ మాట కూడా వద్దు.

ఎత్తే మొబైళ్లలో ఒక గొయ్యి ఉంటుంది. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన కాల్ ఫార్వర్డ్ వల్ల దుకాణం కాల్ ఇంట్లోవాళ్లకు పోయి, రిపోర్టులో మాత్రం ఎత్తినట్టు పడుతుంది. రెండు హ్యాష్‌లు, 002, ఇంకో హ్యాష్ కొట్టి డయల్ చేస్తే ఫార్వర్డ్‌లన్నీ రద్దవుతాయి. ఇంకోటి: చాలా ప్లాన్లలో మీ మొబైల్ తెర మీద గిరాకీ నంబరు కాకుండా వర్చువల్ నంబరే కనిపిస్తుంది. దాన్ని దుకాణం కాల్ అని సేవ్ చేసుకోకపోతే తెలియని నంబరని పనివాళ్లే కట్ చేస్తారు. తిరిగి కాల్ చేయాల్సి వస్తే కాల్ లిస్టులో ఉన్న ఆ నంబరుకు చేయకూడదు, అది మీ సర్వర్‌కే పోతుంది. సర్వీసు ఆప్‌లోంచి చేస్తే ముందు మీ ఫోన్ మోగి, మీరు ఎత్తాక గిరాకీకి కలుస్తుంది. వాళ్లకు వర్చువల్ నంబరే కనిపిస్తుంది. పనివాళ్ల సొంత నంబర్లు బయటపడకపోవడం ఇందులో మంచి లాభం. పనివాళ్లు మానేసినా గిరాకీ మానదు.

కాల్ రికార్డింగు పెట్టుకుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద మాత్రమే కాదు. బేరం గొడవ తీర్చుకోవడానికి ఒక నెల రికార్డింగులు చాలు, ఏళ్ల తరబడి దాచే ప్లానుకు అదనంగా కట్టొద్దు.

షరతుల్లో పెద్దది నంబరు ఎవరిదన్నది. అద్దె ఆపేస్తే నంబరు వాళ్లది, మీది కాదు. ఏడాది పాటు మ్యాప్స్‌లో, బోర్డుల మీద, పాత గిరాకీ ఫోన్లలో నానిన నంబరు ఇంకొకరికి పోతుంది. వర్చువల్ నంబరు మీదే వాట్సాప్ కూడా తెరిచి ఉంటే నష్టం రెండింతలు. అందుకే పెయింటు వేయించే బోర్డు మీద ఎప్పుడూ మీ సొంత సిమ్ నంబరు కూడా ఉండాలి. వర్చువల్ నంబరు కాగితం మీద, నెట్‌లో. మధ్యవర్తి దగ్గర కొంటే ఒప్పందం ఎవరి పేరు మీద ఉందో చూడండి. కేవైసీకి మీ జీఎస్టీ పత్రమో ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) పత్రమో అడగకుండా నంబరు చేతిలో పెట్టేవాళ్లు దాన్ని వేరొకరి పేరున నడుపుతున్నట్టే.

ఆటో డయలర్లు, రికార్డు చేసిన ప్రచారం: సున్నా

మొదట చెప్పిన పాకే గీత ఇదే. 2018 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రచార కాల్ 140తో మొదలయ్యే నంబరు నుంచే, నమోదైన పద్ధతిలో వెళ్లాలి. సేవా కాల్స్‌కు 1600 వరస విడిగా ఉంది. మామూలు పది అంకెల నంబరు నుంచి ప్రచారం చేయడం తప్పు, చేసేది మనిషైనా యంత్రమైనా. 2025 ఫిబ్రవరిలో ఆ నిబంధనలను ఇంకా బిగించారు. కాల్ వచ్చిన ఏడు రోజుల దాకా 1909కు ఫిర్యాదు చేయొచ్చు, పది రోజుల్లో అయిదు ఫిర్యాదులొస్తే చర్య మొదలవుతుంది. మొదటిసారికి మీ పేరున ఉన్న లైన్ల నుంచి పదిహేను రోజులు బయటికి కాల్స్ బంద్. మళ్లీ చేస్తే అన్ని కంపెనీల్లోనూ అన్ని కనెక్షన్లూ ఏడాది పాటు కట్. ఆ పదిహేను రోజుల్లో బ్రహ్మోత్సవాలు పడ్డాయనుకోండి, ఇక చెప్పేదేముంది.

అమ్మినవాళ్లు, మా దగ్గర విదేశీ సర్వర్ ఉంది, మీ నంబరు కనపడదు అంటే ఇంకా ప్రమాదం. ఫిర్యాదు వాళ్ల మీద కాదు, రికార్డులో వినిపించిన దుకాణం పేరు మీద వస్తుంది.

మిస్డ్ కాల్ ఇస్తే ఎస్ఎంఎస్ వెళ్లే పథకం చట్టబద్ధమే, అయితే ఎస్ఎంఎస్ వైపు డీఎల్‌టీలో (వ్యాపార మెసేజ్‌లకు టెలికాం కంపెనీలు నడిపే నమోదు వ్యవస్థ) సంస్థ నమోదు, పంపినవాళ్ల పేరుగా కనిపించే ఆరు అక్షరాల హెడర్, ప్రతి మెసేజ్‌కూ టెంప్లేట్ అనుమతి, లోపల పెట్టే లింకుకు ముందస్తు అనుమతి (వైట్‌లిస్టింగ్) అన్నీ కావాలి. ఒక్క అక్షరం టెంప్లేట్‌తో తేడా వస్తే మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. రెండు మూడు శాఖలున్న నగల షాపుకు ఈ తంటా సరే, పది గదుల లాడ్జికి కాదు. మిస్డ్ కాల్ ఇచ్చినవాళ్లకు మనిషే తిరిగి చేస్తే సరిపోతుంది. ఇంకో మాట, గ్రీటింగులో గానీ ఐవీఆర్‌లో గానీ దర్శనం టికెట్లు ఇప్పించబడును అన్న మాట రానీయకండి. టికెట్లిచ్చేది టీటీడీ, ఆ మాట మీ రికార్డింగులో ఉంటే వచ్చేది గిరాకీ కాదు, విజిలెన్స్.

ఎవరికి ఎంత

ఒక్కరే నడిపే కొట్టుకు, శ్రీకాళహస్తిలో ఇంట్లోనే కలంకారీ వేసి అమ్మేవాళ్లకు వాట్సాప్ బిజినెస్ చాలు, కేటలాగ్‌లో అయిదు వందల వస్తువుల దాకా పెట్టొచ్చు. చీర ఫొటో పక్కన ధర రాయండి, ధరకు మెసేజ్ చేయండి అని రాస్తే చేయరు. లాడ్జి, హోమ్‌స్టే, ట్యూషన్ సెంటర్ లాంటి చోట ఫైబర్ ల్యాండ్‌లైన్ కూడా పెట్టి, యూపీఎస్ తగిలించండి. రోజుకు ముప్పై నలభై కాల్స్ దాటి, ఎత్తేవాళ్లు ఇద్దరుండీ కొన్ని జారిపోతున్నాయన్న అనుమానం ఉంటేనే క్లౌడ్ టెలిఫోనీ. ట్రావెల్స్ వాళ్లు ఎక్కువగా ఇక్కడికే వస్తారు. సీజను మామిడికాయలు అమ్మే చిత్తూరు తోటలవాళ్లు ఏడాది ప్లాను తీసుకోవద్దు, మే నుంచి జులై దాకా మూడు నెలలది అడగండి.

ట్రయల్ ఇస్తామంటే మంగళవారం మొదలుపెట్టి శనివారం, ఆదివారం కలిసొచ్చేలా తీసుకోండి, రద్దీలోనే దాని గుణం తెలుస్తుంది. శనివారం ఉదయం తొమ్మిదికి రెండు ఫోన్లతో ఒకేసారి వర్చువల్ నంబరుకు కాల్ చేయించండి. రెండోవాళ్లకు బిజీ టోన్ వస్తే ఆ ప్లానులో ఒక్క చానలే (ఒకసారికి ఒక్క కాలే) ఉంది, అది మొబైల్‌తో సమానం. ఆదివారం రాత్రి, ఎత్తని కాల్స్ జాబితాను ఎక్సెల్‌గా దించమనండి. దించడానికి పెద్ద ప్లాను కావాలి సార్ అన్నారంటే రెండో నెల అద్దె కట్టొద్దు.